సల్లమ్మ

గాజువాకలో అక్వేరియం కొట్టు మూసేస్తూ
హబీబుల్లా నా చేతిలో పెట్టాడు దాన్ని,
బిర్యానీ డబ్బాలో, తడి పేపరు మీద.
నల్లటి ఒళ్లు, పసుపు మచ్చలు,
నవ్వబోయి మానేసినట్టు మూతి.
"ఎండాకాలం దాటదు భాయ్, డబ్బులొద్దు" అన్నాడు.
దాటదని తెలిసినదాన్ని ఊరికే ఇచ్చేవాడు
మన కళ్లలోకి చూడడు.

మా అత్త పంచాంగం తీసింది.
"మీద పడితే ఏ ఫలమో సూసుకోవాలి కదేటి."
బల్లి కాదత్తా. పొలుసుల్లేవు, గోడ ఎక్కదు,
పడేంత ఎత్తుకి అసలు పోదు.
"మరేటిది?"
సాలమాండర్ అన్నాను. తెలుగులో ఏమంటారో తెలీదు.
మా హైందవి నీళ్లబల్లి అంది.
అత్త రెండ్రోజులు నోట్లో ఆ మాటని నానబెట్టి
మూడోరోజు పొద్దున్న
"సల్లమ్మ" అంది.
అదే ఉండిపోయింది.

బ్లాస్ట్ ఫర్నేసులో ఇరవై రెండేళ్ల సర్వీసు నాది.
ఆ మాట నేను మొదట విన్నదీ అక్కడే.
మరమ్మతుకి కొలిమి ఆర్పేటప్పుడు
అంతా కార్చేశాక కూడా
అడుగున మిగిలిపోయే ఇనుము పేరు సాలమాండర్.
కింద బెజ్జం వేసి లాగెయ్యాలి,
వదిలేస్తే బండైపోయి మందుగుండుకి గాని లొంగదు.
నిప్పులో బతికే జంతువని
ఎక్కడో ఎప్పుడో ఎవరో నమ్మారట, మా ఇంజనీరు చెప్పాడు.
ఆ నమ్మినవాడు దీన్ని పెంచి ఉండడు.
ఇరవై రెండు డిగ్రీలు దాటితే దీనికి ఆయాసం.

మే నెల. సముద్రమున్న ఊరని పేరే గాని
గాలి తడిగుడ్డలా మెడకి చుట్టుకుంటుంది.
గాజుపెట్టెలో కొబ్బరిపీచు పొడి,
క్వార్టర్స్ వెనక ట్యాంకు కారేచోట గోకి తెచ్చిన నాచు,
ఒక పగిలిన కుండపెంకు. అది దాని ఇల్లు.
గడ్డకట్టిన నీళ్లసీసాలు గుడ్డలో చుట్టి
మూలల్లో నిలబెడతాం.
ఇడ్లీపిండికి ఫ్రిజ్‌లో చోటు లేదని
నెలంతా సణిగిన నూకరత్నమే
రాత్రంతా కరెంటు పోయిన రోజు
తెల్లారకుండానే స్కూటీ తీసి
చేపల మార్కెట్‌కి పోయింది,
గోనెసంచిలో ఐసుగడ్డతో, కవ్వళ్ల వాసనతో తిరిగొచ్చింది.
ఏమీ అనలేదు. నేనూ అనలేదు.

దాన్ని ఉత్తచేత్తో ముట్టుకోకూడదు.
మన ఒంటి వేడి దాని చర్మానికి వాత.
బి షిఫ్టు దిగి వచ్చాక
బకెట్లో చేతులు ముంచి కూచుంటాను,
వంద లెక్కపెడతాను.
అరవై దగ్గరో డెబ్భై దగ్గరో
కొలిమి నా వేళ్లలోంచి దిగి
నీళ్లలోకి పోవడం తెలుస్తుంది.
హైందవిని ఎత్తుకునే రోజుల్లో
ఎప్పుడూ ఇలా చల్లార్చుకోలేదు చేతులు.

ఒక ఆదివారం అసిరినాయుడొచ్చాడు చూడ్డానికి,
క్రేన్ గొలుసు కింద రెండు వేళ్లు పోయినవాడు.
సల్లమ్మ ముందుకాలికీ ఒక వేలు లేదు,
కొట్టులో పక్కది కొరికిందట.
అక్కడ నువ్వుగింజంత బుడిపె.
"మళ్లీ మొలుస్తాది" అన్నాను.
అనకుండా ఉండాల్సింది.
గాజుకి మొహం ఆనించి చాలాసేపు చూశాడు.
ఊపిరికి గాజు మసకబారింది.
తుడిచాడు, ఆ చేత్తోనే.
"ఎన్నాళ్లు పడతాదేటి?"
రెండు నెలలు పట్టొచ్చన్నాను.
"ఐతే నాను వస్తుంటాను."

వస్తున్నాడు. చిల్లులు పొడిచిన హార్లిక్స్ సీసాలో
వానపాములు తెస్తాడు,
ఎక్కడ తవ్వుతున్నాడో చెప్పడు.
పెద్దగా మాట్లాడుకోం.
వానపాము మెలితిరుగుతుంది,
సల్లమ్మ కదలదు,
కదలదు,
టప్.
ఇద్దరం ఉలిక్కిపడతాం, ప్రతిసారీ,
తర్వాత ఎందుకో మా అత్త కూడా నవ్వుతుంది
గుమ్మం అవతల నుంచి.

ఇవాళ జూన్ పదో తారీకు. ఇంకా వాన లేదు.
వేలు మెంతిగింజంత అయింది.
సీసాలు మార్చాలి.